కొలిచినంక పోత

నా కారు టాంకీలో నలభై మూడు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్ల పెట్రోలు పడుతది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో మాత్రం ముప్పై ఏడు లీటర్లని అచ్చేసి ఉన్నది. రెండూ నిజమే. రెండూ నిజం ఎట్లయితయో నాకు నేర్పినామె పోయిన నెల చనిపోయింది.

ఆమె ఇంజనీరు కాదు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డు పక్కన వచ్చే ఒక బంకులో పెట్రోలు పోసేది. ఆమె పేరు రాయను. పేరు రాస్తే దాని పక్కన ఒక మాట తగిలించేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నరు. ఆ మాట మొదట అన్నది నేనే. కాబట్టి అది అబద్ధమని చెప్పే పని కూడా నాదే. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా చెప్తున్న.

మనిషి పొట్టి. అప్పటికే యాభై దాటినయి. బంకు వాళ్లిచ్చిన నీలం చొక్కాను చీర మీద తొడుక్కొని, చేతులు మోచేతుల దాకా మడిచేది. టోపీ కూడా ఇచ్చిండ్రు. దాన్ని తీసుకపోయి టైర్లకు గాలి కొట్టే మిషన్ నెత్తి మీద పెట్టింది. "నాకు కొంగున్నది. పాపం దానికే ఎండ కొడుతున్నది" అనేది. ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు, చిల్కూరు గుడికి పోయే కార్ల వాళ్లు, అందరికీ ఆమె అక్కనే.

"జీరో చూడండి సార్" అనే మాట ఏ బంకులోనైనా వినబడతది. అనేవాళ్లు అంటుంటరు, పోసేవాళ్లు పోస్తుంటరు, చూసేవాడు ఎవడూ ఉండడు. ఆమె మాత్రం ఆ మాట అని ఆగేది. మనం తల తిప్పి మిషన్ మీద సున్న చూసేదాకా గన్ను నొక్కేది కాదు. ఒకరోజు నా ముందు ఒక పెద్ద కారు ఉన్నది. లోపలి మనిషి ఫోన్లో మాట్లాడుతూ పొయ్యమని చెయ్యి ఊపిండు. ఆమె గన్ను టాంకీలో పెట్టి ఊరికే నిలబడ్డది. వెనక హారన్లు మొదలైనయి.

"ఏందమ్మా, పోస్తలేవు?" అన్నడాయన అద్దం దించి.

"నువ్వు చూస్తలేవు."

"నేను నిన్ను నమ్ముతున్న. పొయ్యి."

"నన్ను నమ్ముడెందుకు సార్? ఆడ సున్న ఉన్నది, దాన్ని చూడు."

ఆయన చూసిండు. అప్పుడు పోసింది. పోసినంక టాంకీ మూతను తానే తిప్పి, అది టక్కుమన్నప్పుడల్లా పైకి లెక్కపెట్టేది. "ఒకటి, రెండు, మూడు. ఇగ పో." మూడు కాకముందే బండి కదిలితే కారు మీద అరచేత్తో ఒకటి వేసేది, బర్రెను అదిలించినట్టు.

ఆమెకు అన్నిటికన్న కోపం తెప్పించేది ఊపుడు. మా వైపు పెండ్లికో, శ్రీశైలానికో దూరం పోయేటప్పుడు టాంకీ నింపుతూ కారును ఊపుతరు. వెనక ఇద్దరు నిలబడి బంపర్ పట్టుకొని కిందికీ మీదికీ ఊపితే లోపలి గాలి బయటికొచ్చి ఇంకో లీటరో రెండు లీటర్లో పడతయి. అది లాభమని అందరి నమ్మకం. ఆమె చూసి చూసి, "బండికి దయ్యం పట్టిందా ఏంది? ఈడ దించుతున్నరా?" అనేది. టాంకీ నిండుతనే గన్ను తనంతట తాను ఆగిపోతది. దాన్ని కట్టయింది అంటరు. కట్టయినంక ఒక్క చుక్క కూడా పొయ్యొద్దని ఆమె పట్టుదల.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది మొయినాబాద్ దగ్గరి కాలేజీలోనే. పాసయినంక పంపుల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో కొలతలు పరీక్షించే ఉద్యోగం దొరికింది. మిల్లీమీటరులో వందో వంతు తేడా ఉన్నా ముక్కను పక్కన పారేసుడు నా పని. అప్పుడే ఒక పాత కారు కొన్న. కొన్న రోజు నుంచే దానికొక నోటుబుక్కు పెట్టిన. తేదీ, మీటరు రీడింగు, పోయించిన లీటర్లు, టైర్లలో గాలి, ఏసీ ఎంతసేపు నడిచింది, కార్లో ఎంతమందిమి ఉన్నం, అన్నీ రాసేటోణ్ని.

మైలేజీ సరిగ్గా తెలుసుకోవాలని ఒక పద్ధతి పెట్టుకున్న. పెట్రోలు ముల్లు అడుగుకు వచ్చేదాకా నడపాలె. టాంకీని పెట్రోలు కంటికి కనబడేదాకా, అంటే మూత దగ్గరి మెడ దాకా నింపాలె. మళ్ల నడిపి మళ్ల అట్లనే నింపాలె. గన్ను ఎక్కడ కట్టయితదో అది దాని ఇష్టం. మెడ మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటది కదా. కాగితం మీద ఈ పద్ధతిలో తప్పేం లేదు.

ఆ రోజు ఆదివారం, పొద్దున పదకొండయింది. ముల్లు అడుగుకు దిగింది. నేను సున్న చూసిన, ఆమె పోసింది, గన్ను కట్టయింది. ఆమె బయటికి తీయబోయింది.

"ఆపకు అక్కా, మెడ దాకా పొయ్యి" అన్న.

"కట్టయినంక నేను పొయ్య సార్."

"లెక్క కోసం. నేను ఇంజనీర్ని."

"ఇంజనీరైతె నీ టాంకికి ఎక్కువ పడుతదా?"

వెనక ఆటో ఆయన నవ్విండు. నాకు చెవులు వేడెక్కినయి. నేను దిగి వెనక్కి పోయి, బంపర్ మీద చేతులు వేసి ఊపుడు మొదలుపెట్టిన.

"ఎండకు పెట్రోలు పొంగుతది బిడ్డా" అన్నదామె. "పాలు కాగబెట్టేటప్పుడు గిన్నె నిండ పోస్తవా? జర జాగ ఇడువాలె."

"పొయ్యి అక్కా, వెనక బండ్లున్నయి."

"నీ కారు, నీ ఇష్టం. పోస్త. మళ్ల నన్ను అడగొద్దు."

కొద్దికొద్దిగా, ఆగి ఆగి పోసింది. పెట్రోలు మెడలో కనబడ్డది. మిషన్ మీద అంకె నలభై పాయింట్ ఆరు దగ్గర ఆగింది.

నేను కారులో ముందు సీటు ఎదురుగ ఉన్న అరలోంచి కారు పుస్తకం తీసిన. టాంకీ సామర్థ్యం, ముప్పై ఏడు లీటర్లు. నా మనసులో తీసివేత అయిపోయింది. మూడు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు. టాంకీలో ముందే ఎంతో కొంత ఉండి ఉంటది, కాబట్టి దొబ్బింది ఇంకా ఎక్కువే. వెనక ఏడు బండ్లు నిలబడి ఉండంగ, ఆ ఏడు బండ్ల వాళ్లకూ వినబడేటట్టు, "ఇది దొంగతనం" అన్న.

ఆమె గన్నును దాని గూట్లో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకున్నది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడ్డది. ఆమె నెత్తి నా భుజం దాకా కూడా రాదు.

"ఏమన్నవ్? మళ్ల అను."

"పుస్తకంలో ముప్పై ఏడున్నది. మీ మిషన్ నలభై పాయింట్ ఆరు చూపిస్తున్నది."

"పుస్తకం ముచ్చట అడుగుతలేను. నన్ను ఏమన్నవ్?"

అద్దాల గదిలోంచి బంకు ఓనరు వచ్చిండు. ఆయనను అందరూ సేటు అంటరు. చేవెళ్లలో తాత కాలం నుంచి వ్యాపారం చేస్తున్న కుటుంబం. గొడవ ఎంత తొందరగా చల్లారితే అంత మంచిదని చూసే మనిషి. నేను అప్పటికే గోడకు గొలుసుతో కట్టి ఉన్న ఫిర్యాదుల పుస్తకంలో రాయడం మొదలుపెట్టిన.

"సార్, ఏదో పొరపాటు జరిగుంటది" అన్నడు సేటు. "నాలుగు లీటర్లు డబ్బాల పోసి ఇప్పిస్త. అమ్మా, సారుకు సారీ చెప్పు, అయిపోతది."

"పెట్రోలు నీది సేటు, నాలుగు గాకపోతె నలభై పొయ్యి" అన్నదామె. "సారీ మాత్రం నా తాన లేదు."

"ఒక్క మాటకు ఏం పోతదమ్మా?"

"ఒక్క మాటనే కదా ఆయన నన్ను అన్నది. ఏం పోయిందో కనబడ్తలేదా?"

సేటుకు మొఖం ఎర్రబడ్డది. నలుగురిలో ఎదురు చెప్పించుకునుడు ఆయనకు అలవాటు లేదు. "అట్లయితే రేపటి సంది రాకు" అన్నడు.

"రేపు వస్త. ఎల్లుండి గూడ వస్త. ముందు కొలువుండ్రి. కొలిచినంక పో అంటె పోత. కొలవకముందు పోతె దొంగ పారిపోయిందంటరు."

ప్రతి బంకులో ఐదు లీటర్ల కొలత డబ్బా ఒకటి ఉంటది, ప్రభుత్వ ముద్రతో. అనుమానం ఉన్నవాడు అడిగితే దాంట్లో పోసి చూపించాలె. ఆమె దాన్ని తెచ్చి పోసింది. పెట్రోలు సరిగ్గా గీత మీద నిలబడ్డది. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఐదు లీటర్లు సరిగ్గా పోసిన మిషన్ ఇంతకుముందు నలభై సరిగ్గా పోసిందని గ్యారంటీ ఏమున్నదన్న.

ఆమె నా మొఖం చూసింది. "ఇంజనీర్వి కదా. అయితె టాంకీనే కొలువు."

ఆమె చెప్పిందే సరైన పరీక్ష. అది నాకు తోచాలె, ఆమెకు తోచింది.

మర్నాడు ఫ్యాక్టరీకి ఒక పూట సెలవు పెట్టిన. బంకుకు అవతల ఒక మెకానిక్ షెడ్డు ఉన్నది. ఆయన వెనక సీటు తీసి, కింద ఉన్న మూత విప్పి, టాంకీలో చుక్క మిగలకుండా తోడేసి, బట్టతో తుడిచి మళ్ల బిగించిండు. కారును నలుగురం బంకు దాకా నెట్టినం. ఆమె ముందే వచ్చి ఉన్నది. అందరి ఫోన్లూ అద్దాల గదిలో పెట్టించింది. సిగరెట్టు జేబులో ఉన్నోళ్లను రోడ్డు మీదికి పంపింది. మొత్తం పదిహేను మందిదాకా పోగైండ్రు. సేటు గది గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడ్డడు. తన కొలువు నిలబడేదీ పోయేదీ ఇప్పుడే తేలుతదని ఆమెకు తెలుసు.

ఆమె డబ్బాను నేల మీద పెట్టింది. నేను వంగి గీతను కంటికి సమంగా చూడబోయిన. కాలేజీలో నేర్పిన పద్ధతి.

"ఆగు. ఈడ నేల వాలున్నది" అని డబ్బాను ఎత్తి, పక్కన చదునుగా ఉన్న షాబాదు బండ మీద పెట్టింది. "ఇప్పుడు చూడు."

రోజూ కొలతలే పని అయిన నాకు నేల వాలు కనబడలేదు.

ఒక్కో డబ్బా గీత దాకా నింపి, నాకు చూపించి, నేను సరే అన్నంకనే పెద్ద గరాటుతో టాంకీలో పోసింది. జనం పైకి లెక్కపెట్టిండ్రు. ఒకటి. రెండు. మూడో డబ్బాకు ఒక ఆటో ఆయన, "అక్కా, ఇంజనీరు సారుకు చాయ్ తెప్పిద్దామా, చెమట పడుతున్నది" అన్నడు. ఆరు. ఏడు. ముప్పై ఐదు లీటర్లయినయి. నా లెక్క ప్రకారం ఇంక రెండు లీటర్లకు పొంగిపోవాలె. ఎనిమిదో డబ్బా ఎత్తేటప్పుడు నేను కారు పక్కన బొంత గుడ్డ పట్టుకొని నిలబడ్డ, కారితే తుడుద్దామని. ఎనిమిదో డబ్బా మొత్తం పోయింది. కారలేదు. నలభై.

ఆమె తొమ్మిదో డబ్బా నింపింది.

"నిన్నటి లెక్కనే మెడ దాకా కదా" అన్నది. "ఊపు."

నేను ఊపిన. పదిహేను మంది చూస్తుండంగ, ఇస్త్రీ చేసిన చొక్కాతో, బంపర్ పట్టుకొని నా కారును నేనే ఊపిన. ఆమె ఆగి ఆగి పోసింది. పెట్రోలు మెడలో కనబడ్డప్పుడు ఆపి, డబ్బాలో మిగిలింది నేను ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన గీతల జాడీలో పోసి చూస్తే లీటరు ఎనిమిది వందల మిల్లీలీటర్లు ఉన్నది. అంటే మూడు లీటర్ల రెండు వందలు లోపలికి పోయింది. నలభై మూడు పాయింట్ రెండు. నిన్న ముల్లు అడుగుకు దిగినప్పుడు కూడా టాంకీలో రెండున్నర లీటర్లకు పైనే మిగిలి ఉన్నదన్నమాట.

అప్పుడు జనం నవ్విండ్రు. మెకానిక్, "సార్, టాంకీకి మెడ ఉంటదని మీ కాలేజిల చెప్పలేదా?" అన్నడు. ఆమె నవ్వలేదు. "టాంకి కడుపు ఏరు, మెడ ఏరు" అన్నది నాతోని, నాకొక్కనికే వినబడేటట్టు. "పుస్తకం రాసినోడు కడుపు రాసిండు. నువ్వు మెడ దాక పోయించినవ్. నేను వద్దన్న."

ఇప్పుడు నాకు దానికి పెద్ద మాటలు తెలుసు. కంపెనీ అచ్చేసేది క్షేమంగా నింపదగిన అంకె. దాని పైన పెట్రోలు పొంగడానికీ ఆవిరికీ వదిలిన జాగ, గొట్టం, మెడ, ఇవన్నీ లెక్కలో రావు. గన్ను కట్టయినంక ఊపి నింపితే ఆ జాగంతా పెట్రోలే. ఆమె పాలగిన్నె మాట దాటి దీంట్లో కొత్త సంగతి ఏమీ లేదు.

సేటు తేలికపడ్డడు. ఫిర్యాదుల పుస్తకం గొలుసు తీసి తెచ్చి, నేను రాసిన పేజీని చింపబోయిండు.

"చింపకు" అన్నదామె. "చింపితె ఏదో చేసి దాచిండ్రంటరు. దాని కిందనే రాయమను."

నేను రాసిన: "వాహన తయారీదారు పేర్కొన్న సామర్థ్యానికీ వాస్తవ సామర్థ్యానికీ మధ్య వ్యత్యాసం వల్ల అపోహ ఏర్పడినది." సంతకం పెట్టిన. చాలా మర్యాదగా రాసిననని అనుకున్న.

ఆమెకు చదువు రాదు. మెకానిక్‌ను చదవమన్నది. రెండుసార్లు చదివించుకున్నది.

"దీంట్ల నేనేడున్న?"

"అంటే?"

"నిన్న రాసిన దాంట్ల నేనున్న కదా, దొంగనని. ఇయ్యాల రాసిన దాంట్ల నేనేడున్న? టాంకి ఉన్నది, కంపెనీ ఉన్నది. అపోహ ఎవనిదో అదీ లేదు."

సేటు, "ఇగ చాలమ్మా" అన్నడు. ఆమె ఆయన దిక్కు తిరగను కూడా తిరగలేదు. నేను పెన్ను మళ్ల తీసిన. ఆమె చెప్పింది, నేను రాసిన. "మెడ దాకా పొయ్యొద్దని ఈమె చెప్పింది. నేను వినలేదు. ఈమె ఒక్క చుక్క దొంగిలించలేదు. దొంగ అన్నది నా తప్పు." నా పేరు, నా ఉద్యోగం, తేదీ. ఇన్నేండ్లలో నేను సంతకం పెట్టిన అన్ని పరీక్ష రిపోర్టుల్లో పూర్తిగా సరైనది అదొక్కటే.

"ఇప్పుడు చెప్పు సేటు. పోవాల్నా, ఉండాల్నా?"

సేటు డీజిలు కోసం వచ్చి ఆగిన ట్రాక్టర్ దిక్కు చూపించిండు. ఆమె పోయి, "సున్న చూడు" అన్నది.

ఆ తర్వాత నేను ఎప్పుడూ అక్కడే పోయించిన. నేను వస్తనే పక్క మిషన్ వాళ్లకు గట్టిగా చెప్పేది: "ఈ సారుకు మెడ దాక పొయ్యకుండ్రి, కోర్టుకు పోతడు." చాలా ఏండ్లు ఇదే మాట. ఒక్కసారి కూడా విడవలేదు. నాకూ అది వినకపోతే టాంకీ నిండినట్టు అనిపించేది కాదు. మోకాళ్లు పట్టేసినంక, నిలబడలేక, తనంతట తానే పని మానుకున్నది. చివరి రోజు సేటు శాలువా కప్పితే, దాన్ని మడిచి చంకలో పెట్టుకొని సాయంత్రం దాకా పోసిందట. ఇది సేటే నాకు చెప్పిండు.

ఇప్పుడు నేను గండిపేటలో కిరాయికి ఉంటున్న. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఏడాదికోసారి బిల్లు ఫోటో పెడతరు. ముప్పై ఐదు లీటర్ల టాంకీలో ముప్పై తొమ్మిది పోసిండ్రు, దోపిడీ అని. కింద చదువుకున్నవాళ్లందరూ అవునవునంటరు. నేను ప్రతిసారీ వివరంగా రాస్త. ఒకాయన నన్ను బంకుల ఏజెంటు అన్నడు. అననీ. మోసం చేసే బంకులు లేవని నేను అంటలేను. కొలవకుండా ఒక మనిషిని దొంగ అనొద్దు అంటున్న.

పోయిన నెల సేటు ఫోన్ చేసి ఆమె పోయిందని చెప్పిండు. పదో దినానికి చేవెళ్ల అవతల వాళ్ల ఊరికి పోయిన. ఇంటి ముందర టెంటు వేసి భోజనాల బంతి కూర్చోబెట్టిండ్రు. నాకు ఎడమ పక్కన ఆమెకు వరుసకు మరిది అయ్యే పెద్దమనిషి కూర్చున్నడు. పప్పు కలుపుకుంటూ అవతలాయనతో అంటున్నడు:

"మంచిదే గని, బంకుల జర చేతివాటం చూపించిందట. పుస్తకంల రాసిండ్రట. అందుకే తీసేసిండ్రంట."

"లేనిదే రాస్తరా?" అన్నడు అవతలాయన.

నేను రాసిన రెండు రాతల్లో పైదే ఊర్లు తిరిగింది. కిందిది పేజీలోనే ఉండిపోయింది. ఆమె బిడ్డ అన్నం గిన్నె పట్టుకొని మా వరుసలోనే వస్తున్నది. ఆ మాట విన్నది. గరిట ఆగింది, మళ్ల కదిలింది. ఆమెకు ఆ మాట కొత్త కాదని ఆ కదలిక చూస్తేనే తెలిసింది.

నేను విస్తరి ముందర నుంచి లేచి నిలబడ్డ.

"రాసింది నేను. తప్పు రాసిన. మర్నాడు టాంకీ ఖాళీ చేసి కొలిచినం. ఆమె ఒక్క చుక్క తియ్యలేదు. ఆమెను ఎవరూ తీసెయ్యలేదు, మోకాళ్లు నొస్తే తనే మానింది. సేటును అడుగుండ్రి."

ఆ పెద్దమనిషి ముద్ద చేతిలోనే పట్టుకొని నన్ను కింది నుంచి మీది దాకా చూసిండు.

"నువ్వెవలు నాయనా? తినేకాడ గీ ముచ్చట నిన్నెవలడిగిండ్రు?"

"ఎవరూ అడగలేదు. అందుకే చెప్తున్న."

బంతి మొత్తం చేతులు ఆపి నా దిక్కు చూస్తున్నది. ఎవరో కూర్చోమన్నరు. ఆమె బిడ్డ అన్నం గిన్నెను నడుం మీద పెట్టుకొని, వరుస ఆ కొస దాకా ఒకసారి చూసింది.

"అన్నా, ఇంకోసారి చెప్పు" అన్నది. "గా కొసకున్నోళ్లకు ఇనబడలె."

చెప్పిన. ఇంకా గట్టిగా చెప్పిన.